33 అడుగుల డొంక ఎవరు మింగారు?

ఈసారి పోస్టు కాస్త పెద్దది. మోటారు వేసి గట్టు మీద కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి.

నేను గుర్రం మీద పొలానికి వెళ్తానని ఈ పేజీ చూసేవాళ్లలో చాలామందికి తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లు అడిగే వాటికి ముందే జవాబు చెప్పేస్తా. లేదండీ, పెట్రోలు డబ్బులేం మిగలవు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు ఊరికే అనలేదు. బండి ఇంటి దగ్గరుంటే తాగదు, ఇది నిలబడినా తింటుంది. పెళ్లి ఊరేగింపులకు ఇవ్వను. ఫొటోలు, రీల్సు తీసుకోండి, అడ్డు చెప్పను, కానీ వెనక నిలబడొద్దు. మైలేజీ ఎంత అని అడిగే మావయ్యలకు ఒకటే మాట: ఉలవలు పెట్టినంత.

అసలు మన ఊళ్లో గుర్రాలు లేవనుకుంటాం గానీ మాటలో మాత్రం ఎప్పుడూ ఉన్నాయి. 5 హెచ్‌పీ మోటారు, 7.5 హెచ్‌పీ మోటారు, 45 హెచ్‌పీ ట్రాక్టరు. హెచ్‌పీ అంటే గుర్రపు బలమే, 746 వాట్లు. ఆ లెక్కన మా బోరు దగ్గరే ఐదు గుర్రాలున్నాయి, తొమ్మిది గంటల కరెంటు మేస్తాయి. నిజం గుర్రాలే తగ్గిపోయాయి. 2012 పశుగణనలో దేశం మొత్తమ్మీద ఆరు లక్షల పైచిలుకు గుర్రాలు, తట్లు ఉంటే 2019 గణనకు 3.4 లక్షలకు పడిపోయాయి. వాటి కోసం ఏడవమని చెప్పడానికి ఇది రాయడం లేదు. గుర్రం మీద కూర్చుంటే కనిపించిన సంగతి ఒకటుంది, అది చెప్పాలి.

బండి మీద వెళ్లేటప్పుడు మన కళ్లు ఎక్కడుంటాయి? ముందు చక్రం మీద. గుంత ఉందా, రాయి ఉందా, ఎదురుగా గేదె వస్తుందా. గుర్రం మీద ఆ బాధ లేదు. తన కాళ్లు ఎక్కడ పెట్టాలో అది చూసుకుంటుంది. మన కళ్లకు పని ఉండదు కాబట్టి అటూ ఇటూ చూస్తాం. జీను మీద కూర్చుంటే కళ్లు ఏడడుగుల పైన ఉంటాయి. కంచె అవతల ఏముందో, గట్టు ఎక్కడ వంకర తిరిగిందో, నిరుడు ఎక్కడుంది ఈ యేడు ఎక్కడుంది, అన్నీ తెలుస్తాయి. నడక మీద గంటకు ఆరు కిలోమీటర్లు పోతుంది. ఆ వేగంలో ఏదీ దాటిపోదు.

అట్లా నాలుగేళ్లుగా చూస్తుంటే ఒకటి తేలింది. మన డొంకలు చచ్చిపోతున్నాయి.

డొంక అంటే గుంటూరు, ప్రకాశం వైపువాళ్లకు చెప్పక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో పుంత అంటారు, తెలంగాణలో బండ్లబాట అంటారు, సీమలో రస్తా అంటారు. ఊళ్లోంచి పొలాల్లోకి, పొలాల్లోంచి పక్క ఊరికి పోయే మట్టి దారి. ఎవరి పట్టా కాదు, అందరిదీ. ఊరి పటంలో దానికి నంబరు ఉంటుంది, కొలత ఉంటుంది. మా కింది పొలాలకు పోయే డొంక పటంలో 50 లింకులు. గొలుసు అంటే 66 అడుగులు, అందులో 100 లింకులు, కాబట్టి 50 లింకులంటే 33 అడుగులు. రెండు ఎడ్లబండ్లు ఎదురెదురుగా వచ్చినా ఒకటి ఆగకుండా పోవాలని పెట్టిన వెడల్పు అది. ఇప్పుడు టేపు పెట్టి చూశాను. మంచిగా ఉన్నచోట 14 అడుగులు, రెండు మలుపుల దగ్గర 9 అడుగులు. ఒకచోట అయితే డొంక మీద మినుము చల్లారు, బాగా కాసింది కూడా.

ఇదంతా ఎవరో దౌర్జన్యం చేసి లాక్కోలేదు. ఒక్కరోజులో జరిగి ఉంటే ఊరు ఊరుకునేది కాదు. దుక్కి దున్నేటప్పుడు ఒక్క సాలు ఎక్కువ. మరుసటి యేడు గట్టు చెక్కి మట్టి అటువైపు వేస్తారు. ఆ తర్వాత గట్టు మీద కంది వేస్తారు. కంది కొట్టేశాక గట్టు అక్కడే ఖాయమవుతుంది. పదేళ్లకు సిమెంటు స్తంభాలు పాతి ముళ్లతీగ లాగుతారు. అప్పుడు ఎవడన్నా అడిగితే "మా నాయన కాలం నుంచి ఇట్లాగే ఉంది" అంటారు. రెండో పక్కవాడూ అదే పని చేస్తాడు కాబట్టి ఒకరినొకరు అడగరు. మా డొంకకు ఈ పక్కనున్నాయన ఒక పార్టీ, ఆ పక్కనున్నాయన ఇంకో పార్టీ. టీ కొట్టు దగ్గర కుర్చీలు విసురుకున్నారు. డొంక దగ్గర మాత్రం ఇద్దరిదీ సంకీర్ణ ప్రభుత్వం, పదేళ్ల నుంచి పడిపోలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం, మనం రైతులం కదా. 33 అడుగుల డొంక రెండు కిలోమీటర్లు ఉందనుకోండి. అది దాదాపు ఐదెకరాలు. తెలంగాణ మిత్రులకైతే ఇంకా తేలిక, 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు ఒక గుంట. అంటే ప్రతి 33 అడుగుల నడకకూ ఒక గుంట ఊరి ఉమ్మడి భూమి. డొంక సగటున 12 అడుగులకు కుంచించుకుపోతే మూడెకరాల పైన పోయినట్టు.

ఆ మూడెకరాలు మింగినవాడు బాగుపడ్డాడా అంటే అదీ లేదు. డొంక పక్కన 200 అడుగుల పొడవు పొలం ఉన్న రైతు పదడుగులు లోపలికి జరిగితే అతనికి కలిసొచ్చింది నాలుగున్నర సెంట్లు. ఎకరానికి 30 బస్తాలు పండితే ఆ నాలుగున్నర సెంట్లకు బస్తాన్నర లోపే. బస్తాన్నర వడ్ల కోసం తన మిషను తానే ఆపుకున్నాడు. చక్రాల కోత మిషను ముందు కత్తెరే 14 అడుగుల దాకా ఉంటుంది. తొమ్మిదడుగుల దారిలో అది ఎట్లా వస్తుంది? చైన్ మిషను తెచ్చినా, లారీ మీంచి దించి పక్కవాడి చేలోంచి నడిపించుకోవాలి. పక్కవాడు కోయించిందాకా ఆగాలి. చైన్ మిషను గంట బాడుగ ఎంతో, ట్రాక్టరుతో వడ్లు రోడ్డు మీదికి చేరేసినందుకు వేరే ఎంతో, మీరంతా ఇస్తున్నవాళ్లే, నేను చెప్పేదేముంది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, గుర్తుంది కదా. తుపాను వస్తుందని నాలుగైదు రోజుల ముందే ఫోన్లలో మోగిపోయింది. మా దగ్గర తారురోడ్డు పక్కన చేలున్నవాళ్లు ఉన్నపళంగా కోయించి తోలేసుకున్నారు. లోపల డొంక మీద ఆధారపడ్డవాళ్లు మిషను కోసం వరసలో నిలబడ్డారు. వరస వచ్చేలోపు వాన వచ్చింది. ఫోను చెప్పింది, వాతావరణశాఖ చెప్పింది, మిషనూ ఊళ్లోనే ఉంది. లేనిది దారి ఒక్కటే. టెక్నాలజీ అంతా పొలం మొదటిదాకా వచ్చి ఆగిపోయిన రోజు అది.

మొన్న కోతలప్పుడు ఇంకోటి జరిగింది. పక్క ఊరి నుంచి కూలికి వచ్చిన ఒకావిడను పనల కింద పాము కరిచింది. ఆటో పిలిచారు. ఆటో డొంక మొదట్లో ఆగిపోయింది, లోపలికి రాలేదు. బోరు దగ్గరి నులకమంచం మీద ఆమెను పడుకోబెట్టి నలుగురు మగాళ్లు బురదలో మోసుకొచ్చారు. ఆమె బతికింది, ఇంటికి చేరింది. మన్యంలో గర్భిణులను డోలీల్లో మోసుకొస్తున్నారని టీవీలో చూసి అయ్యో అంటాం. అక్కడ కొండలు, గెడ్డలు, అసలు రోడ్డే వేయలేదు. సంత సరుకు ఇప్పటికీ గుర్రాల మీద మోసుకునే ఊళ్లున్నాయి. మన దగ్గర కొండా లేదు, గెడ్డా లేదు. తాతల నాటి 33 అడుగుల దారి ఉండి కూడా మంచం మోయాల్సి వచ్చింది.

డొంకంటే పొలం ఉన్నవాళ్ల గొడవే అనుకోవద్దు. గొర్రెలవాళ్లు మందలు తోలుకొని పోయేది దీని మీదే. కూలి తల్లులు తెల్లారకముందు నడిచేది దీని మీదే. చాలా ఊళ్లల్లో ఎస్సీ కాలనీ శ్మశానానికి దారి కూడా ఇలాంటి డొంకే. ఎవరైనా పోయినప్పుడు చేలల్లోంచి పాడె మోసుకెళ్తే చేను యజమాని తిట్టడం, పోలీసులు రావడం, ఇవి పేపర్లో కథలు కాదు, మన చుట్టుపక్కల జరిగినవే. పాడె పట్టనంత దారి మిగిల్చి, మళ్లీ మాది పాడిపంటల ఊరని చెప్పుకుంటున్నాం.

సరే, ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, రీసర్వే.

వందేళ్ల తర్వాత రాష్ట్రంలో భూములు మళ్లీ కొలుస్తున్నారు. 2020 డిసెంబరులో మొదలైంది, 2024లో ప్రభుత్వం మారింది, కొంత ఆగి మళ్లీ నడుస్తోంది. డ్రోన్లు ఎగురుతున్నాయి, రోవర్లు పెట్టి ఉపగ్రహాల లెక్కతో కొలుస్తున్నారు. గొలుసు లాగి కొలిచిన రోజుల్లో అడుగో రెండడుగులో తేడా ఉండేది, ఇప్పుడు సెంటీమీటర్లలో చెప్తున్నారు. మంచిదే. నేను దానికి వ్యతిరేకిని కాదు. కానీ రోవరు ఏం కొలుస్తుంది? దాన్ని ఎక్కడ నిలబెడితే అక్కడ కొలుస్తుంది. పట్టా భూమి కొలిచేటప్పుడు యజమాని వస్తాడు, పక్క యజమాని వస్తాడు, ఇద్దరూ బెత్తెడు కోసం సర్వేయరు మీద అరుస్తారు. డొంక కొలిచేటప్పుడు ఎవరొస్తారు? ఇటువైపు ఆయన, అటువైపు ఆయన. ఇద్దరూ కంచె చూపించి "ఇదే హద్దు" అంటారు. డొంక తరఫున మాట్లాడే మనిషి ఉండడు. పాత పటం తీసి పక్కన పెట్టుకోకపోతే, తొమ్మిదడుగుల డొంక తొమ్మిదడుగులుగానే సెంటీమీటరు తేడా లేకుండా రికార్డులోకి ఎక్కుతుంది. ఇంతకాలం ఆక్రమణ అని చెప్పుకోవడానికైనా ఉండేది, ఆ తర్వాత అదే హద్దు అయిపోతుంది.

పాతకాలంలో దీనికో పద్ధతి ఉండేది. కరణం ఏటా జమాబందీకి పోరంబోకు ఆక్రమణలు రాసి పంపాలి, బీ మెమో ఇచ్చి జరిమానా వేసేవాళ్లు. 1905 నాటి ఆక్రమణల చట్టం ఇప్పటికీ ఉంది, నోటీసిచ్చి ఖాళీ చేయించొచ్చు. కరణాలు ధర్మప్రభువులని నేను అనను. ఎవరి పేరు రాయాలో, ఎవరి పేరు మింగాలో వాళ్లకు బాగా తెలుసు, అందుకే 1984లో రద్దు చేస్తే జనం సంబరపడ్డారు. కానీ ఏడాదికోసారి ఎవరో ఒకరు డొంక వెంట నడిచి చూసేవాళ్లు, ఆ పని కూడా వాళ్లతోనే పోయింది.

ఇంకా వెనక్కి పోతే, సీమ పెద్దలు ఇప్పటికీ మన్రో దొర గురించి చెప్తారు. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల కలెక్టరు. గుర్రం మీద ఊరూరా తిరుగుతూ, డేరాల్లో ఉంటూ భూములు కొలిపించి శిస్తు కట్టాడు. గవర్నరయ్యాక కూడా అట్లాగే పర్యటనకు వచ్చి 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. ఆయన వచ్చింది కంపెనీ ఖజానా నింపడానికి, అందులో మనకు మొహమాటం అక్కర్లేదు. కానీ భూమి సంగతి తేల్చాలంటే భూమి మీద తిరగాలని తెలిసిన మనిషి. ఇవాళ మన లెక్కలు తేల్చేవాళ్లు ఏసీ కారులో సచివాలయం దాకా వచ్చి, సంతకం పెట్టించుకొని, అదే రోడ్డున వెనక్కి పోతున్నారు. వాళ్లను గుర్రమెక్కమని నేను అడగను, పడితే నా మీదికొస్తుంది. నడవమని అడుగుతా.

రాజకీయం గురించి ఒక్క మాట, ఏ పార్టీ వాళ్లూ ఉలిక్కిపడొద్దు. ఈ నాలుగైదేళ్లలో భూమి గురించి మనం దేని మీద కొట్టుకున్నాం? హద్దు రాయి మీద ఎవరి పేరుంది, పాసుపుస్తకం మీద ఎవరి బొమ్మ ఉంది. మొదట ముఖ్యమంత్రి బొమ్మతో ఇచ్చారు, తర్వాత రాజముద్రతో ఇస్తున్నారు. టైట్లింగ్ చట్టం వచ్చింది, గొడవైంది, రద్దయింది. నా భూమి పుస్తకం మీద నాయకుడి బొమ్మ నాకూ నచ్చలేదు, రాజముద్రే మేలు. కానీ ఆ రోజుల్లో మా ఊళ్లో వందమంది బొమ్మ గురించి మాట్లాడారు, డొంకకు రాళ్లు ఎక్కడ పాతారని అడిగినవాడు ఒక్కడు లేడు. పాతలేదు. అందుకే ఎవరూ అడగలేదు కాబోలు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. మా సభకు నేనూ వెళ్లాను. సీసీ రోడ్లు అడిగారు, డ్రైన్లు అడిగారు, షెడ్లు అడిగారు. ఊళ్లో రోడ్లు కావాలి, కాదనను. సిమెంటు రోడ్డు మీద నాడాలు జారతాయని నా గుర్రం ఒక్కటే కాస్త బాధపడుతుంది. కానీ డొంక మాట ఎత్తినవాడు లేడు. ఎందుకంటే సీసీ రోడ్డుకు కాంట్రాక్టరుంటాడు, శిలాఫలకం ఉంటుంది. డొంక బాగుచేయాలంటే ముందు రెండు పక్కలా మనుషుల్ని వెనక్కి జరపాలి. జరిగినవాడు ఓటు వేయడని ఏ నాయకుడైనా భయపడతాడు. ఉపాధి హామీలో డొంకల మీద మట్టి పోశారు గదా అంటారేమో. పోశారు. గ్రావెల్‌కు డబ్బులుండవు, ఆ డబ్బంతా ఊళ్లో సిమెంటుకే పోతుంది. నల్లరేగడి మీద నల్లమట్టి పోస్తే మొదటి వానకు నా గుర్రమే మోకాళ్ల దాకా దిగింది, ట్రాక్టరు సంగతి చెప్పాలా.

ఇక్కడ ఒకరిద్దరు అడుగుతారు, నీకెందుకయ్యా ఇదంతా అని. నిజమే, నాకు స్వార్థం లేదు. నా గుర్రానికి మూడడుగులు చాలు, గట్టు మీద కూడా పోతుంది. ఆగేది మీ మిషను, మీ ట్రాక్టరు, మీ వడ్లు.

కాబట్టి ఏం చేయాలో నాకు తోచింది చెప్తా. మీ ఊళ్లో రీసర్వే ఇంకా కాకపోతే అదృష్టవంతులు. సచివాలయంలో సర్వేయరుని అడిగి ఊరి పటం, డొంక ఆనుకొని ఉన్న నంబర్ల ఎఫ్‌ఎంబీ నకళ్లు ముందే తీసి పెట్టుకోండి. రోవరు వచ్చిన రోజు డొంక తరఫున ఐదుగురు నిలబడాలి, అందులో ఒకరిద్దరు ఆడవాళ్లు, ఒకరు గొర్రెలవాళ్లు ఉంటే ఇంకా మంచిది. మలుపుల దగ్గర పటంలో ఎన్ని లింకులుందో గట్టిగా చదివి వినిపించండి. కంప్యూటర్ తెలిసిన పిల్లలుంటే గూగుల్ ఎర్త్‌లో వెనకటి సంవత్సరాల బొమ్మలు తీయమనండి. పది పదిహేనేళ్ల కిందట డొంక ఎంత వెడల్పుందో ఆకాశంలోంచి కనిపిస్తుంది. "మా నాయన కాలం నుంచి ఇట్లాగే ఉంది" అనేవాడికి ఆ బొమ్మ చూపిస్తే చాలు.

రీసర్వే అయిపోయి, డొంక తగ్గి రికార్డయి ఉంటే త్వరపడాలి. 1923 నాటి సర్వే సరిహద్దుల చట్టం ప్రకారం సర్వే పూర్తయిందని నోటిఫికేషన్ వచ్చిన మూడేళ్లలోపే సివిల్ కోర్టులో సవాలు చేయాలి. అంతకంటే ముందు తహసీల్దారుకు అర్జీ, సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో ఒక అర్జీ, పంచాయతీ తీర్మానం. ఊరి దారులు పంచాయతీవని పంచాయతీరాజ్ చట్టమే చెప్తోంది. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు తయారుచేయమని 2011 జనవరిలో జగ్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పు పేరు అర్జీలో రాయండి, చదివేవాడు కాస్త నిటారుగా కూర్చుంటాడు.

ఒక జాగ్రత్త. కంచె పీకడం పెద్ద చేలున్నవాళ్ల నుంచి మొదలవ్వాలి. 30 సెంట్ల మనిషి గట్టు మీద పడి, పదెకరాల ఆయన కంచె దగ్గర నమస్కారం పెట్టి వచ్చేట్టయితే ఈ పని మొదలుపెట్టకపోవడమే నయం. డొంక పక్కన గుడిసె వేసుకొని బతుకుతున్నవాళ్లకు జాగా చూపించకుండా కదిలించొద్దు. చెట్లు కొట్టొద్దు. వేప, తాడి ఉన్నచోట దారి చుట్టూ తిరిగి పోతుంది, మిషనుకు స్టీరింగు ఉంది.

కోర్టు దాకా పోకుండా కూడా అవుతుంది, ఒకటే పద్ధతి: అందరూ ఒకేరోజు వెనక్కి జరగడం. ఒక్కడే జరిగితే వెర్రివాడు అంటారు, ఎదుటివాడు ఇంకాస్త ముందుకొస్తాడు. రెండు పక్కలవాళ్లూ కూర్చుని, పంట లేని వైశాఖంలో ఒక ఆదివారం చూసుకుని, జేసీబీ ఒకటి మాట్లాడుకుని, టేపు పట్టి ఒకేసారి లాగాలి. డీజిలు ఖర్చు ఎకరాల లెక్కన పంచుకోవాలి.

మా డొంకకు రెండు పక్కలా కలిపి 41 మంది రైతులున్నారు. ఇప్పటికి 17 మంది సరేనన్నారు, 9 మంది "పక్కాయన జరిగితే జరుగుతా" అన్నారు, మిగతావాళ్లు ఫోను ఎత్తడం లేదు. ఎఫ్‌ఎంబీ నకళ్లు నా దగ్గరున్నాయి, కావాల్సినవాళ్లు ఇంటికొచ్చి చూసుకోవచ్చు. మీ ఊళ్లో డొంక ఎన్ని అడుగులు మిగిలిందో టేపు పెట్టి చూసి కింద రాయండి. పటంలో ఎన్ని లింకులుందో కూడా రాయండి, ఊరికే "మా దగ్గరా అంతే అన్నా" అని రాస్తే లెక్కలోకి రాదు.